సైన్సు క్లాసులో ఏ బోధనా పద్ధతి మేలు? డిగ్రీ అధ్యాపకులు తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. రిఫ్రెషర్ కోర్సుల్లో, స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుల్లో, టీ తాగేటప్పుడు తోటి లెక్చరర్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. ఈ విషయంలో లోతైన పరిశోధన ఎక్కువగా అమెరికా, కెనడాల్లో జరిగింది, అందుకే ఉదాహరణలు చాలావరకు అక్కడివే. మన క్లాసుకు వర్తించే చోట మన మాట కూడా చెప్పాను.

లెక్చర్‌కూ యాక్టివ్ లెర్నింగ్‌కూ అసలు తేడా ఏమిటి?

ఆ గంటలో విద్యార్థి ఏం చేస్తున్నాడన్నదే తేడా. లెక్చర్‌లో మనం చెబుతాం, వాళ్లు వింటారు, రాసుకుంటారు. రెండో పద్ధతిలో క్లాసు జరుగుతుండగానే విద్యార్థి ఏదో ఒకటి ఊహించి చెప్పాలి, లెక్క కట్టాలి, పక్కవాడితో వాదించాలి. తను అనుకున్నది తప్పో ఒప్పో అక్కడికక్కడే తెలియాలి. మధ్యమధ్యలో మనం "అర్థమైందా?" అనడం, ముందు బెంచీవాళ్లు "అయింది సార్" అనడం ఇందులోకి రాదు. పవర్‌పాయింట్, స్మార్ట్ బోర్డు పెట్టినా రాదు. తెర మీద బొమ్మ కదిలినంత మాత్రాన చూసేవాడి ఆలోచన కదలదు.

యూనివర్సిటీ పరీక్షల్లో మా ఫలితాలు బాగానే వస్తున్నాయి. దాన్నే కొలతగా తీసుకుంటే సరిపోదా?

సరిపోదు. ఈ ఒక్క ప్రశ్నకే ఎక్కువసేపు జవాబు చెప్పాలి.

మన ప్రశ్నపత్రాలు ఎలా ఉంటాయో మనకు తెలుసు. ఐదేళ్ల పాత పేపర్లు ముందేసుకుంటే ఏ వ్యాసరూప ప్రశ్న వస్తుందో సెకండియర్ కుర్రాడు కూడా చెప్పగలడు. సూత్రం రాసి, ఉత్పాదన రాసి, బొమ్మ గీస్తే మార్కులు పడతాయి. ఆ మార్కులు కష్టపడి తెచ్చుకున్నవే, కాదనను. అయితే న్యూటన్ మూడో నియమాన్ని కంఠతా రాసిన విద్యార్థి దాన్ని నమ్ముతున్నాడా లేదా అన్నది ఆ పేపరు చెప్పదు.

1980లలో అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఇబ్రహీం హల్లౌన్, డేవిడ్ హెస్టెనెస్ సరిగ్గా దీన్నే పరీక్షించారు. లెక్కలూ ఫార్ములాలూ లేకుండా మామూలు మాటల్లో బలం, చలనం గురించి ప్రశ్నలు తయారు చేశారు. సెమిస్టర్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి అడిగారు. కోర్సు పూర్తయ్యాక కూడా చాలామంది పాత నమ్మకాలతోనే ఉన్నారని 1985లో ప్రచురించారు. ఆ పనే పెరిగి 1992లో ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీగా వచ్చింది. అందరూ ఎఫ్‌సీఐ అంటారు. ఇప్పుడు వాడుతున్న రూపంలో 30 బహుళైచ్ఛిక ప్రశ్నలున్నాయి. వాటిలోని తప్పు జవాబులు ఊరికే పెట్టినవి కావు. పిల్లలు నిజంగా ఎలా పొరబడతారో దాన్నిబట్టి కూర్చినవి.

అలాంటి ప్రశ్నను మన రోడ్డు మీదికి తెచ్చి చెబుతాను. లోడు లారీ, ఆటో ఎదురెదురుగా గుద్దుకున్నాయి. లారీ ఆటో మీద చూపిన బలం ఎక్కువా, ఆటో లారీ మీద చూపినది ఎక్కువా, రెండూ సమానమా? మూడో నియమానికి ఇంటర్నల్స్‌లో పూర్తి మార్కులు తెచ్చుకున్న బ్యాచ్‌ను ఒకసారి ఇది అడిగాను. దాదాపు చేతులన్నీ లారీకే లేచాయి. సమానమని నేనంటే ఓ అమ్మాయి లేచి, "ఆటో నుజ్జయిపోయింది కదా సార్, సమానం ఎలా అవుతుంది?" అంది. ఆ సందేహం చాలా న్యాయమైనది. బలాలు సమానమే. ద్రవ్యరాశి తక్కువ కాబట్టి ఆటోకు త్వరణం ఎక్కువ, తట్టుకునే శక్తి తక్కువ కాబట్టి నుజ్జయింది. బలం వేరు, ఆ బలం వల్ల జరిగేది వేరు. అన్నేళ్లు చెబుతూ ఈ ముడి ఎక్కడుందో నేను ఒక్కసారీ తడిమి చూడలేదు. పేపర్లు దిద్దుతుంటే అది కనబడలేదు మరి.

హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్‌కు ఇదే ఎదురైంది. ఆయన పాఠం బాగా చెబుతాడని పేరు, పిల్లలు మంచి రేటింగులు ఇచ్చేవారు. హెస్టెనెస్ బృందం రాసినది చదివి, తన విద్యార్థులకు ఇది చాలా తేలికని అనుకుంటూనే ఆ పరీక్ష పెట్టాడు. ఒక విద్యార్థిని లేచి, మీరు నేర్పినట్టు రాయాలా, నేను మామూలుగా అనుకునేట్టు రాయాలా అని అడిగింది. ఫలితాలు చూశాక ఆయన తన పద్ధతినే మార్చేసుకున్నాడు.

ముందు, తర్వాత పరీక్ష పెట్టాం. ఎంత నేర్చుకున్నారో ఎలా లెక్కగట్టాలి?

ఎక్కువమంది వాడేది నార్మలైజ్డ్ గెయిన్. పెరగడానికి ఎంత అవకాశం ఉంది, అందులో ఎంత పెరిగారు అన్నదే దాని భావం. కోర్సు తర్వాతి సగటు శాతంలోంచి ముందరి సగటు శాతం తీసేయండి. వచ్చినదాన్ని, 100లోంచి ముందరి సగటు తీసేస్తే వచ్చేదానితో భాగించండి.

ఎ సెక్షన్ సగటు 20 నుంచి 44కు చేరిందనుకుందాం. 24ను 80తో భాగిస్తే 0.30. బి సెక్షన్ 60 నుంచి 75కు వెళ్లింది. 15ను 40తో భాగిస్తే 0.375. పైకి చూస్తే ఎ సెక్షనే ఎక్కువ పెరిగింది, కానీ మిగిలి ఉన్న దూరంలో ఎక్కువ నడిచింది బి సెక్షన్.

ఈ కొలతకు లోపాలున్నాయి. మొదట్లోనే మార్కులు ఎక్కువున్న క్లాసులకు గెయిన్ కూడా కాస్త ఎక్కువ వస్తుందని కొన్ని చోట్ల తేలింది. అందుకే ముందు, తర్వాత సగటులు రెండూ పక్కనే రాసి ఉంచండి. రెండు పరీక్షలూ రాసినవాళ్లనే లెక్కలోకి తీసుకోండి. మధ్యలో మానేసినవాళ్లను మొదటి సగటులో ఉంచి రెండోదానిలో వదిలేస్తే అంకె అబద్ధం చెబుతుంది.

అలా పోల్చి చూస్తే ఎవరికైనా స్పష్టమైన తేడా కనిపించిందా?

కనిపించింది. 1998లో ఇండియానా యూనివర్సిటీకి చెందిన రిచర్డ్ హేక్ 62 ఫిజిక్స్ కోర్సుల ఫలితాలు పోగుచేసి ప్రచురించాడు. హైస్కూళ్లు, కాలేజీలు, యూనివర్సిటీలు కలిపి 6,542 మంది విద్యార్థులు. మామూలు లెక్చర్ పద్ధతిలో నడిచిన 14 కోర్సుల సగటు గెయిన్ 0.23. విద్యార్థులతో పని చేయించిన 48 కోర్సులది 0.48. అంటే రెట్టింపు.

నాకు ఆ సగటుల కన్నా అవి ఎలా పరుచుకుని ఉన్నాయన్నదే ముఖ్యంగా తోచింది. ఆ 14 లెక్చర్ కోర్సుల్లో ఒక్కటి కూడా 0.3 దాటలేదు. చెప్పినవాళ్లలో గొప్పగా చెప్పేవాళ్లు ఒకరిద్దరైనా ఉండే ఉంటారు కదా, అయినా దాటలేదు. మరోవైపు, కొత్త పద్ధతి వాడిన 48లో 7 కోర్సులు కూడా 0.3 కిందే ఉండిపోయాయి. పద్ధతి పేరు మార్చినంత మాత్రాన సరిపోదని ఆ ఏడూ చెబుతున్నాయి.

ఒక జాగ్రత్త. ఈ లెక్కలు లెక్చరర్లు తమంతట తాము పంపినవి. బాగా వచ్చినవాళ్లే ముందుకొచ్చి పంపి ఉండొచ్చు.

మంచి లెక్చరర్ చెబితే లెక్చర్ చాలదా?

దీన్ని నేరుగా పరీక్షించినవాళ్లున్నారు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ కోర్సు. ఒక్కో దానిలో 270 మంది దాకా ఉన్న రెండు సెక్షన్లు. 2011లో సైన్స్ పత్రికలో వచ్చిన ఈ పనిని చేసినవాళ్లు లూయీ డెలోరియే, ఎలెన్ షెల్యూ, కార్ల్ వీమన్. వీమన్ 2001లో భౌతికశాస్త్ర నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఒకరు.

విద్యుదయస్కాంత తరంగాల పాఠం, ఒక వారం, మూడు గంటలు. ఒక సెక్షన్‌లో ఏళ్ల అనుభవమూ, పిల్లల దగ్గర మంచి పేరూ ఉన్న ప్రొఫెసర్ ఎప్పటిలాగే లెక్చర్ చెప్పాడు. రెండో సెక్షన్‌ను బోధనలో అంతగా అనుభవం లేని పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ అయ్యాక పరిశోధన చేస్తున్న యువకుడు) తీసుకున్నాడు. అక్కడ పాఠం ముందే చదివి రావాలి. క్లాసంతా ప్రశ్నలు, చిన్న గుంపుల్లో చర్చలు, వాటి మీద లెక్చరర్ వివరణ. తర్వాత పెట్టిన పరీక్షలో లెక్చర్ సెక్షన్ సగటు 41 శాతం, రెండో సెక్షన్‌ది 74 శాతం. ఊరికే గుడ్డిగా టిక్కు పెడితే 23 శాతం వచ్చే పరీక్ష అది. ఆ వారం రెండో సెక్షన్‌లో హాజరు కూడా 57 నుంచి 75 శాతానికి పెరిగింది.

అభ్యంతరాలూ వచ్చాయి, వాటిలో బలముంది. ఒక్క వారం ప్రయోగం, కొత్తదనం మీద ఉత్సాహం ఉంటుంది. ఆ సెక్షన్ క్లాసులో సాధన చేసినది కూడా అదే తరహా ప్రశ్నల మీద. కాబట్టి 41, 74 అన్న అంకెలను ఏడాది మొత్తానికి అంటగట్టకూడదు. అనుభవం ఎంత ఉన్నా ఆ తేడాను పూడ్చలేకపోయిందన్న విషయం మాత్రం మిగిలే ఉంది.

ఇదంతా ఫిజిక్స్ గొడవ. కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ సంగతేమిటి?

2014లో స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజినీరింగ్, గణితం సబ్జెక్టుల్లో డిగ్రీ స్థాయిలో జరిగిన 225 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసింది. లెక్చర్ క్లాసుల్లో తప్పినవాళ్లు సగటున 33.8 శాతం, యాక్టివ్ క్లాసుల్లో 21.8 శాతం. పరీక్ష మార్కులు 6 శాతం దాకా పెరిగాయి. సబ్జెక్టు ఏదైనా ధోరణి ఒకటే. 50 మంది, అంతకన్నా తక్కువ ఉన్న క్లాసుల్లో లాభం ఎక్కువగా కనిపించింది, కానీ పెద్ద క్లాసుల్లోనూ లేకపోలేదు.

6 శాతం అంటే చిన్నదిగా అనిపిస్తుంది, కానీ తప్పినవాళ్ల లెక్క చూడండి. 60 మంది సెక్షన్‌లో 20 మంది తప్పే చోట 13 మంది తప్పారంటే, ఆ ఏడుగురి ఇళ్లలో అది చిన్న విషయం కాదు.

ఎఫ్‌సీఐ లాంటివి మిగతా సబ్జెక్టులకూ ఉన్నాయి. విద్యుత్తు, అయస్కాంతత్వం మీద 32 ప్రశ్నల సీఎస్‌ఈఎం, రసాయనశాస్త్ర భావనల మీద 22 ప్రశ్నలది, ప్రకృతివరణం (నేచురల్ సెలెక్షన్) మీద 20 ప్రశ్నలది వాడుకలో ఉన్నాయి. ఫిజిక్స్‌వి కావాలంటే ఫిజ్‌పోర్ట్ సైట్‌లో అధ్యాపకులుగా నమోదు చేసుకుంటే దొరుకుతాయి. దయచేసి ప్రశ్నలనూ కీనీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ఒకసారి బయటికొస్తే ఆ కొలబద్ద ఎవరికీ పనికిరాదు.

పీర్ ఇన్‌స్ట్రక్షన్ ఎలా నడుపుతారు?

మజూర్ 1991 నుంచి హార్వర్డ్‌లో నడిపిన పద్ధతి ఇది. పది పదిహేను నిమిషాలు ఒక భావన చెబుతారు. ఆపి, ఆలోచిస్తే తప్ప తేలని ఒక బహుళైచ్ఛిక ప్రశ్న వేస్తారు. నిమిషం, రెండు నిమిషాలు ఎవరికి వాళ్లే నోరు మెదపకుండా ఆలోచించి జవాబు చూపిస్తారు. సరైన జవాబు ఏదో చెప్పరు. 35 నుంచి 70 శాతం మంది మధ్యలో సరిగ్గా చెప్పి ఉంటే, వేరే జవాబు చెప్పిన పక్కవాడిని ఒప్పించమంటారు. రెండు మూడు నిమిషాలు క్లాసు గోలగోలగా ఉంటుంది. మళ్లీ జవాబు చూపిస్తారు. అప్పుడు వివరణ. చాలా తక్కువ మంది సరిగ్గా చెప్పి ఉంటే చర్చ దండగ, మళ్లీ మనమే చెప్పాలి. దాదాపు అందరూ చెప్పేస్తే ముందుకు పోవచ్చు.

మొదటిసారి ఎవరికి వాళ్లు జవాబు చూపించడమే ఇందులో ఆయువుపట్టు. తొందరలో అది వదిలేస్తే చురుకైనవాడు చెప్పిందే అందరూ పట్టుకుంటారు. చేతులెత్తించినా అంతే, పక్కచూపులు చూసి ఎత్తుతారు.

జవాబు నొక్కి పంపే చిన్న రిమోట్లు, అంటే క్లిక్కర్లు, కొనక్కర్లేదు. కెనడాలో క్లిక్కర్లతో నడిపిన క్లాసునూ అట్ట ముక్కలతో నడిపిన క్లాసునూ పోల్చి చూస్తే నేర్చుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నేను ఎ4 కాగితాన్ని నాలుగుగా మడిచి ఎ, బి, సి, డి రాయించాను. జవాబున్న మడత నా వైపు తిప్పి గుండెల దగ్గర పట్టుకోమంటాను. అలా పట్టుకుంటే వెనకవాళ్లకు కనబడదు.

చర్చలో బాగా చదివేవాడు చెప్పిందే మిగతావాళ్లు దించేస్తారు కదా?

ఈ అనుమానం నాకూ ఉండేది. కొలరాడో యూనివర్సిటీలో జెనెటిక్స్ క్లాసులో దీన్ని తేల్చడానికి ఒక చక్కటి ఉపాయం చేశారు. 2009లో సైన్స్ పత్రికలో వచ్చింది. చర్చ అయ్యాక, అదే భావన మీద పైకి వేరేగా కనిపించే రెండో ప్రశ్న వేసి, దీన్ని చర్చ లేకుండా ఒంటరిగా చేయమన్నారు. దించుడు వ్యవహారమే అయితే రెండో ప్రశ్నలో దొరికిపోవాలి. సగటున మొదటి ప్రశ్నకు చర్చకు ముందు 52 శాతం, చర్చ తర్వాత 68 శాతం సరిగ్గా చెప్పారు. ఒంటరిగా చేసిన రెండో ప్రశ్నకు 73 శాతం. గుంపులో ఎవరికీ సరైన జవాబు తెలియని చోట కూడా మాట్లాడుకుని దారి పట్టినవాళ్లు ఉన్నారని వాళ్లు తేల్చారు.

మా పిల్లలకు ఇది నచ్చడం లేదు. "నోట్సు చెప్పండి మేడమ్" అంటున్నారు.

అంటారు. హార్వర్డ్‌లోనూ అన్నారు. 2019లో అక్కడ ఫిజిక్స్ విద్యార్థులను రెండు గుంపులు చేసి, ఒక పాఠానికి ఒక గుంపును లెక్చర్‌కూ మరోదాన్ని యాక్టివ్ క్లాసుకూ పంపారు. తర్వాతి పాఠానికి తారుమారు చేశారు. చేతికిచ్చిన కాగితాలు ఒకటే. యాక్టివ్ క్లాసులో కూర్చున్నవాళ్లు పరీక్షలో ఎక్కువ చేశారు. కానీ 'మీరెంత నేర్చుకున్నారు' అని అడిగితే తక్కువ నేర్చుకున్నామన్నారు. ధారాళంగా సాగే లెక్చర్ వింటున్నప్పుడు అంతా తెలిసినట్టే ఉంటుంది. తప్పు చేసి, తడబడి, వాదించేటప్పుడు ఏమీ రానట్టుంటుంది. నేర్చుకోవడం జరుగుతున్నది ఆ తడబాటులోనే.

అమెరికాలోని ఎంఐటీలో గుండ్రటి బల్లల చుట్టూ కూర్చోబెట్టి ఫిజిక్స్ చెప్పడం మొదలుపెట్టినప్పుడు, పాత లెక్చర్లే కావాలని విద్యార్థులు సంతకాలు సేకరించారు. ఫెయిలయ్యేవాళ్లు తగ్గుతున్నా ఆ వ్యతిరేకత ఉంది.

కాబట్టి మొదటి రోజే కారణం చెప్పండి. ఈ హార్వర్డ్ సంగతే చెప్పండి. ఇంకోటి, పరీక్షకు నోట్సు కావాలన్న వాళ్ల భయం నిజమైనది. ఆ నోట్సు జిరాక్స్ తీయించో, పీడీఎఫ్‌గానో ముందే ఇచ్చేయండి. అది చేతిలో పడ్డాక క్లాసులో డిక్టేషన్ అడగరు. నా క్లాసులో సగం గొడవ ఆ రోజుతో సద్దుమణిగింది.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది?

డిక్టేషన్ మానేస్తే ఎంత టైము మిగులుతుందో ఒకసారి గడియారం పెట్టుకుని చూడండి. మిగతాది చదువుకోవడానికి ఇంటికి వదిలిపెట్టాలి. వర్ణన, చరిత్ర, పట్టికలు వాళ్లే చదువుకోగలరు. ఎంట్రోపీ, ప్రావస్థాభేదం, మియోసిస్ లాంటి చోట మీరు పక్కన ఉండాలి.

పాఠం వీడియోలో చూసి రమ్మనే ఫ్లిప్డ్ క్లాస్ మంచిదా?

వీడియో వల్ల ప్రత్యేకంగా లాభం లేదు. అమెరికాలో ఒక బయాలజీ కోర్సులో ఫ్లిప్ చేసిన సెక్షన్‌నూ చేయనిదాన్నీ 2015లో పోల్చారు. రెండింట్లోనూ యాక్టివ్ లెర్నింగే. ఫలితాల్లో తేడా రాలేదు. హాస్టల్లో డేటా అయిపోయిన పిల్లవాడిని వీడియో చూడలేదని తిట్టడం కన్నా, రెండు పేజీల కాగితం ఇచ్చి మూడు ప్రశ్నలకు జవాబు రాసి తెమ్మనడం మేలు.

మా దగ్గర 120 మంది, బెంచీలు నేలకు బిగించి ఉన్నాయి. ఎలా?

ఐఐటీ బొంబాయిలో వందలమంది కూర్చునే మొదటి సంవత్సరం ప్రోగ్రామింగ్ క్లాసులో థింక్-పెయిర్-షేర్ వాడి, పరిశీలకులను పెట్టి చూశారు. ముందు ఒంటరిగా రాయడం, తర్వాత పక్కవాడితో కలిసి చేయడం, చివర క్లాసు మొత్తంతో మాట్లాడటం. ఆ సమయంలో సగటున 83 శాతం మంది నిజంగా పనిలో ఉన్నట్టు 2013లో ప్రచురించారు. పక్కవాడు ప్రతి బెంచీలోనూ ఉంటాడు. బెంచీ కదలాల్సిన పనిలేదు.

వెనకబడినవాళ్లు ఈ చర్చల్లో ఇంకా వెనకబడరా?

ఎలీ థియోబాల్డ్ బృందం 2020లో చేసిన సమీక్ష ప్రకారం, అమెరికాలో పేద కుటుంబాల నుంచి, వివక్షకు గురైన వర్గాల నుంచి వచ్చిన విద్యార్థులకూ మిగతావాళ్లకూ మధ్య ఉన్న తేడా, యాక్టివ్ క్లాసుల్లో పరీక్ష మార్కుల్లో 33 శాతం, పాసవడంలో 45 శాతం తగ్గింది. అయితే క్లాసు సమయంలో ఎక్కువ భాగం ఈ పనికే ఇచ్చిన చోటే తగ్గింది. అప్పుడప్పుడూ ఒక ప్రశ్న వేసి వదిలేసిన చోట తగ్గలేదు.

ట్యూషన్ లేని పిల్లలకు, ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరానికి తప్పు చేసి దిద్దుకునే చోటు క్లాసు ఒక్కటే. అది కూడా డిక్టేషన్‌కు పోతే వాళ్లకు ఇంకెక్కడ దొరుకుతుంది?

ఇంగ్లిష్ మీడియం కదా, చర్చ ఏ భాషలో జరగాలి?

వాళ్లకు ఏ భాషలో ఆలోచన వస్తే ఆ భాషలో. ప్రశ్న ఇంగ్లిష్‌లో వేయండి, వాదన తెలుగులో జరగనివ్వండి, చివర్లో జవాబు ఇంగ్లిష్‌లో రాయించండి. నేను దీని మీద చాలా పట్టుదలగా ఉంటాను. పిల్లల పొరపాటు వాళ్ల సొంత మాటలోనే బయటపడుతుంది.

ఒక గుంపులో "బంతిలో ఊపు అయిపోయింది, అందుకే ఆగింది" అని విన్నాను. ఇంగ్లిష్‌లో రాయమంటే 'ఫ్రిక్షన్' అని ముద్దుగా రాసేవాడే. తెలుగులో మాట్లాడాడు కాబట్టి, బలం అనేది బంతిలో నిల్వ ఉండి ఖర్చయ్యే సరుకని అతననుకుంటున్నాడని నాకు తెలిసింది. ఆ 'ఊపు'ను తీసేయక్కర్లేదు. ద్రవ్యవేగానికి అది దగ్గరి మాటే, బలానికి కాదు అని అక్కడి నుంచే పాఠం మొదలుపెట్టొచ్చు. బరువు అన్న ఒక్క మాటతో ద్రవ్యరాశినీ భారాన్నీ, వేడి అన్న మాటతో ఉష్ణాన్నీ ఉష్ణోగ్రతనూ మనం రోజూ కలిపేస్తాం. తెలుగు అకాడమీ పుస్తకాలు స్పీడ్‌కు వడి, వెలాసిటీకి వేగం అని విడదీసి చెప్పాయి. ఆ రెండు మాటలు బోర్డు మీద పక్కపక్కన రాసి, రెండింటికీ దిక్కు కావాలా అని అడగండి. ఐదు నిమిషాల చర్చకు అది చాలు.

ప్రాక్టికల్స్ ఉన్నాయి కదా, అవి యాక్టివ్ లెర్నింగే కదా?

చేతులు పనిచేస్తాయి. ఆలోచనకు పని ఉందా అన్నది ప్రశ్న. నటాషా హోమ్స్, వీమన్ తదితరులు మూడు సంస్థల్లో తొమ్మిది ఫిజిక్స్ కోర్సులు తీసుకుని, థియరీని బలపరచడానికి పెట్టిన ల్యాబులకు హాజరైనవాళ్లనూ కానివాళ్లనూ పరీక్ష ఫలితాల్లో పోల్చారు. ల్యాబు వల్ల థియరీ పరీక్షలో లాభం కనబడలేదు. జవాబు ముందే తెలిసిన ప్రయోగంలో విద్యార్థి చేసేది ఆ జవాబు దాకా వెళ్లడమే. మన రికార్డుల్లో లోలకంతో కట్టిన g (గురుత్వ త్వరణం) విలువ ప్రతిసారీ సెకనుకు సెకనుకు 9.8 మీటర్లకు ఎంత దగ్గరగా ఉంటుందో మనందరికీ తెలుసు. ఆ సీనియర్ రికార్డు ఎన్ని చేతులు మారిందో కూడా తెలుసు.

ఒక్క మార్పు చాలు. కొలిచిన విలువ కాదు, కొలతలో అనిశ్చితి ఎంతో, దాన్ని తగ్గించడానికి ఏం చేశారో దానికి మార్కులివ్వండి. పది డోలనాలకు బదులు యాభై డోలనాల కాలం తీస్తే ఏమవుతుందో వాళ్లే చేసి చూస్తారు.

మేం చేసి చూశాం. ఏ తేడా రాలేదు. మరి?

అలా తేలిన అధ్యయనమూ ఉంది, దాన్ని దాచకూడదు. 2011లో టెస్సా ఆండ్రూస్ తదితరులు అమెరికా కాలేజీల నుంచి బయాలజీ కోర్సులను యాదృచ్ఛికంగా ఎంచుకుని ప్రకృతివరణం మీద చూస్తే, యాక్టివ్ లెర్నింగ్ ఎంత వాడారన్నదానికీ విద్యార్థులు ఎంత నేర్చుకున్నారన్నదానికీ సంబంధం కనబడలేదు. మంచి ఫలితాలు చూపిన అధ్యయనాలు ఎక్కువగా ఈ విద్యా పరిశోధనలోనే తలమునకలైనవాళ్లు చేసినవని, మామూలు లెక్చరర్లు ఆ పద్ధతుల్లోని ఆయువుపట్టును వదిలేసి పైరూపం వాడుతుండొచ్చని వాళ్లు అన్నారు.

నా అనుభవం కూడా అదే. చార్టులు చేయించాం, గుంపులుగా కూర్చోబెట్టాం, సెమినార్ ఇప్పించాం అంటారు. ఆ ప్రశ్నకు ఎన్ని తప్పు జవాబులు వచ్చాయి, ఏ తప్పు ఎక్కువ వచ్చింది అని అడిగితే ఎవరి దగ్గరా ఉండదు. పిల్లల మనసులోని తప్పు ఊహను బయటికి లాగని గుంపు పని, బెంచీలు మార్చి చెప్పిన లెక్చరే.

అయితే లెక్చర్ మానేయాలా?

వద్దు. చెప్పడానికి ఒక సమయం ఉంటుంది. 1998లో డేనియల్ ష్వార్జ్, జాన్ బ్రాన్స్‌ఫర్డ్ చూపించినది ఇదే. ముందు ఒకదానితో ఒకటి పోల్చదగ్గ ఉదాహరణలను తామే విశ్లేషించి, ఆ తర్వాత లెక్చర్ విన్నవాళ్లు, పాఠం చదివి సారాంశం రాసి అదే లెక్చర్ విన్నవాళ్ల కన్నా బాగా చేశారు. ఆకలి వేశాక వడ్డించినట్టు. లారీ, ఆటో గురించి పది నిమిషాలు కొట్టుకున్నాక మూడో నియమం చెప్పండి, ఆ క్లాసులో ఉండే నిశ్శబ్దం మీకే తెలుస్తుంది.

మా కాలేజీలో మేమే రెండు పద్ధతులను పోల్చాలంటే?

ఇద్దరు లెక్చరర్లు చెరో పద్ధతి చెప్పి పోల్చుకోకండి. తేడా పద్ధతిదో మనిషిదో తేలదు, పైగా స్టాఫ్ రూములో మనస్పర్ధలు వస్తాయి. ఒకే లెక్చరర్ తన రెండు సెక్షన్లకు ఒక యూనిట్ ఒకలా, మరో యూనిట్ తారుమారుగా చెబితే నయం. హార్వర్డ్ వాళ్లు చేసిన పనే. ఏ సెక్షనూ నష్టపోదు.

ముందు పరీక్ష తప్పనిసరి. లేకపోతే ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువున్న సెక్షన్ గెలిచి, పద్ధతి గెలిచిందనిపిస్తుంది. చివరి పరీక్షలోని ప్రశ్నలు క్లాసులో చర్చించినవి కాకూడదు, రెండు సెక్షన్లకూ కొత్తవి కావాలి. వీలైతే పేపరు వేరే లెక్చరర్ చేత తయారు చేయించండి, దిద్దేవారికి ఏ పేపరు ఏ సెక్షన్‌దో తెలియనివ్వకండి. ఈ మార్కులు ఇంటర్నల్స్‌లో కలవవని విద్యార్థులకు ముందే చెప్పండి. నెల తర్వాత ఇంకోసారి అడగండి, ఎందుకంటే యూనిట్ అయిపోయిన రోజు తేడా లేకపోయినా నెల తర్వాత బయటపడుతుండొచ్చు. ఒక్క సెమిస్టర్, రెండు సెక్షన్లతో వచ్చిన అంకెను పట్టుకుని ప్రిన్సిపాల్ గారి దగ్గరికి పరుగెత్తకండి, రెండేళ్లు చూడండి.

స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ ఫారాలతో పోల్చవచ్చా?

క్లాసులో మర్యాద, సమయపాలన, గొంతు వినబడుతోందా లాంటివి తెలుసుకోవడానికి అవి మంచివి. ఎంత నేర్చుకున్నారో తెలుసుకోవడానికి కాదు. 2017లో పాత అధ్యయనాలన్నిటినీ మళ్లీ లెక్కగట్టిన బాబ్ ఉట్ల్ బృందానికి, ఆ రేటింగులకూ నేర్చుకున్నదానికీ చెప్పుకోదగ్గ సంబంధమే కనబడలేదు.

రేపటి క్లాసుతో మొదలుపెట్టాలంటే ఏం చేయాలి?

ఒక్క ప్రశ్న తీసుకెళ్లండి. బంతిని నిలువుగా పైకి విసిరాం. అత్యంత ఎత్తుకు చేరి ఆగిన ఆ క్షణంలో దాని త్వరణం ఎంత? ఎ: సున్నా. బి: పైకి g. సి: కిందికి g. డి: చెప్పలేం. నిమిషం మౌనంగా ఆలోచించమనండి, కాగితాలు చూపించమనండి, ఎ ఎన్నో సి ఎన్నో లెక్కపెట్టి మీ డైరీలో రాసుకోండి. మూడు నిమిషాలు వాదించుకోనివ్వండి. ఎవరైనా "అక్కడ త్వరణం సున్నా అయితే బంతి అక్కడే ఉండిపోవాలి కదరా" అనేదాకా మీరు నోరు తెరవకండి. మళ్లీ లెక్కపెట్టి, ఆ రెండో అంకెను మొదటిదాని పక్కన రాయండి.